శనివారం దిగిన వేటకత్తి

ఆ రోజుల్లో నాకు భయపడటానికి పెద్ద కారణాలేవీ అక్కర్లేదు. ఇప్పుడు బీపీ చూసే డాక్టరు "దేనికైనా ఆందోళన పడుతుంటారా?" అని అడిగితే నాకు నవ్వొస్తుంది. తొంభైల నడుమ, ఇరవై మూడేళ్ళ వయసులో ఖతర్‌లో దిగిన కొత్తలో నేను పడిన భయంలో పదో వంతు కూడా ఇప్పుడు పడటం లేదు. అప్పట్లో మా రాయచోటి పక్కల నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళు పెట్టెలో నిప్పట్లు, చెనిక్కాయల పొడి, ఒక దేవుడి పటం పెట్టుకునేవాళ్ళు. నేను వాటితోపాటు మా అవ్వ చెప్పిన జాగ్రత్తలన్నీ బుర్రలో కుక్కుకొని పోయాను. మంగళవారం గోళ్ళు తీయొద్దు. గడప మీద నిలబడి తుమ్మొద్దు. బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడిగినవాడికి జవాబు చెప్పొద్దు, వెనక్కి వచ్చి మంచినీళ్ళు తాగి పో. అన్నిటికన్నా ముఖ్యమైనది, శనివారం పూట ఇనుము గానీ నూనె గానీ ఇంటికి తేవద్దు. ఈ చివరిదానికి మా ఇంట్లో సాక్ష్యం కూడా ఉంది. మా చిన్నాయన ఒక శనివారం సంతలో పార కొని తెచ్చి, మంగళవారానికల్లా దాన్ని తన కాలి మీదే వేసుకున్నాడు. (ఆ పూట ఆయన తాగి ఉన్నాడన్న సంగతి అవ్వ ఎప్పుడూ చెప్పలేదు. అది నాకు ముప్పై దాటాక తెలిసింది.)

దోహాలో అల్ హిలాల్ అనే పేటలో ఒక విల్లాకు నేను హౌస్ డ్రైవరుగా చేరాను. ఇంటి యజమానిని పనివాళ్ళంతా బాబా అనేవాళ్ళు. యాభై దాటిన మనిషి, ఆరడుగుల ఎత్తు, దానికి తగ్గ గడ్డం, కారు వెనక సీట్లో కూర్చుంటే అద్దంలో రోడ్డు కనపడేది కాదు. చేరిన రోజే ఆయన నన్ను మజ్లిస్‌లోకి, అంటే మగ చుట్టాలు వచ్చి కూర్చునే పెద్ద హాల్లోకి పిలిచాడు. లోపలికి అడుగు పెట్టి అక్కడే ఆగిపోయాను. ఎదురుగా గోడ నిండా అద్దాల బీరువాలు, వాటి నిండా కత్తులు. జేబులో మడిచి పెట్టుకునే చాకులు కావు. పిడిలోకి మడవని, మూరెడు పొడుగు వేటకత్తులు. దుప్పికొమ్ము పిడులు, ఇత్తడి కట్లు, అలుగుల మీద, అంటే కత్తి రేకుల మీద చెక్కిన దుప్పులు, ఎలుగుబంట్లు, పక్కన ఏవేవో అక్షరాలు. ఏ కంపెనీ పెట్టి నూరేళ్ళయిందనో, ఏ వేటగాళ్ళ సంఘానికో యాభై ఏళ్ళయ్యాయనో గుర్తుగా చేసిన కత్తులట అవి. లెక్కగా కొన్నే చేసి, ఒక్కోదాని మీద నంబరు కొట్టి అమ్ముతారట. బాబా పదిహేనేళ్ళుగా వాటిని పోగుచేస్తున్నాడు. ఈ వివరమంతా నాకు తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం, ఏ ఇంట్లో వచ్చి పడ్డాన్రా దేవుడా అనుకుంటూ, ఆయన ఏం చెప్పినా తల ఊపి బయటపడ్డాను. (ఆయన జన్మలో ఒక్క పిట్టను కూడా వేటాడలేదనీ, బక్రీదుకు మేకను కోసేటప్పుడు ఇంట్లోకి పోయి టీవీ పెట్టుకుంటాడనీ కూడా తర్వాతే తెలిసింది.)

ఆ ఇంట్లో వంట చేసే ఆమెది గోదావరి జిల్లా. మా అమ్మకంటే రెండేళ్ళు చిన్నదేమో, గోదారక్క అని పిలిచేవాణ్ణి. నా భయం చూసి ఆమెకు ఎంత ఆనందమో చెప్పలేను. "ఏంటయ్యా తమ్ముడూ, మీ కడపోళ్ళకి కూడా కత్తులంటే భయమేంటి? మీ ఊళ్ళో పిల్లాడు పుట్టగానే ఉయ్యాల్లో కొడవలి కడతారంట కదా!" అనేది. "అక్కా, మా ఇంట్లో కోడిని కోయాలన్నా పక్కింటోళ్ళను పిలుస్తాం" అన్నా నమ్మేది కాదు. నిజానికి నాకు ఆ కత్తులకంటే వాటి యజమాని అంటేనే ఎక్కువ భయం. నన్ను మూడు నెలలు ట్రయల్ మీద పెట్టుకున్నాడు. నచ్చితే కాగితాలు పంపించి, బతాకా, అంటే అక్కడ ఉండటానికిచ్చే గుర్తింపు కార్డు చేయిస్తాడు. నచ్చకపోతే విమానం ఎక్కిస్తాడు. నా ముందు పనిచేసిన డ్రైవరును అలాగే ఎక్కించాడట. ఎందుకని అడిగితే ఎవరూ చెప్పలేదు. వాడి చెప్పులు మాత్రం నా గదిలో మంచం కింద అలాగే ఉన్నాయి. రోజూ పొద్దున లేచి కాళ్ళు కింద పెట్టగానే అవి తగిలేవి. ఊళ్ళో మా నాయన అప్పటికే అందరికీ, మావాడు అరబ్బు షేకు కారు తోలుతున్నాడని చెప్పేసుకున్నాడు. వెనక్కి పోతే ఆయన ముఖం ఎట్లా చూసేది?

మూడు నెలలు నిండటానికి ఇంకో వారం ఉందనగా ఒక శనివారం పొద్దున బాబా నా చేతిలో రెండు కాగితాలు పెట్టాడు. ఆయన నాతో అరబ్బీ, హిందీ కలిపి వడ్డించేవాడు. "తుమ్ కార్గో రోహ్, సందూక్ జీబ్. యల్లా!" అన్నాడు. కార్గో ఆఫీసుకు పోయి పెట్టె తెమ్మని. అంతే కదా అని హుషారుగా పోయాను. కార్గో ఆఫీసులో కస్టమ్స్ అతను అట్టపెట్టె చించి, లోపలున్న చెక్కపెట్టె మూత తెరిచాడు. నీలం మఖమలు గుడ్డ మీద మూరెడు కత్తి పడుకొని ఉంది. అలుగు మీద కొమ్ముల దుప్పి ఒకటి తల తిప్పి సూటిగా నన్నే చూస్తోంది. కస్టమ్స్ అతను కత్తిని చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కత్తిని చూశాడు. "హాదా మాల్ ఇంత?" అన్నాడు. ఇది నీదా అని. "మాల్ బాబా! మాల్ బాబా!" అని నేను రెండు చేతులూ ఊపేశాను. బాబా రాసిచ్చిన కాగితం చదివి, ముద్ర కొట్టి, నవ్వుకుంటూ పెట్టె నా వైపు తోశాడు. పెట్టె చంకలో పెట్టుకొని కారు దాకా వచ్చాక, అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఇది ఇనుము. ఇవాళ శనివారం.

నవ్వకండి. నవ్వినా ఫరవాలేదు గానీ నా పరిస్థితి వినండి. అంతకు నెల ముందే ఇంకో శనివారం, బాబా చెప్పాడు కదా అని కబాబులు కాల్చుకునే ఇనుప పొయ్యి ఒకటి బజారు నుంచి తెచ్చాను. ఆ సాయంత్రమే గేటు స్తంభానికి కారు గీసుకుంది. బాబా గీత మీద వేలు రాసి నా వైపు ఒక్క చూపు చూశాడు. ఆ చూపుకు రెండు రోజులు అన్నం దిగలేదు. అంటే అవ్వ మాట ఎడారిలో కూడా పనిచేస్తుందని రుజువైపోయింది. పొయ్యికే గీత పడితే, ప్రాణాలు తీయడానికని చేసిన ఇంత పొడుగు కత్తికి ఏం కావాలి? అదీ నన్ను ఉంచుకుంటారో పంపిస్తారో తేలే వారంలో! ఎర్రటి ఎండలో కారు పక్కన నిలబడి చాలాసేపు ఆలోచించి, నా జన్మలోకెల్లా తెలివైనదనుకున్న నిర్ణయం ఒకటి తీసుకున్నాను. శనివారం ఇంటికి తేవద్దన్నారు గానీ, ఇంకెక్కడైనా ఉంచొద్దని అనలేదు కదా. ఈ పూటకు బయట ఎక్కడైనా దాచి, బాబాకు రేపు రమ్మన్నారని చెప్పి, ఆదివారం పొద్దున్నే తెచ్చి పెట్టేస్తే సరి. ఆ దేశంలో ఏ ఆఫీసుకు పోయినా బుక్రా, అంటే రేపు రా అనడం మామూలే గనక, బాబాకు అనుమానం కూడా రాదు.

దాచడానికి నాకు తెలిసిన చోటు ఒక్కటే. మా విల్లాకు నాలుగు వీధుల అవతల ఒక బిల్డింగు కడుతున్నారు. అక్కడ స్టోరు చూసుకునే జగిత్యాల అన్న నాకు సెలవు శుక్రవారాల స్నేహితుడు. పెట్టెను పక్క సీటు కింద పెట్టి, పైన తువ్వాలు కప్పి బయల్దేరాను. దారి పొడుగునా నాకు తెలుగులో తెలిసిన దేవుళ్ళంతా అయిపోయారు. బతాకా కూడా లేని పరాయి దేశంవాడి కారులో మూరెడు కత్తి! రౌండబౌట్ దగ్గర ఒక పోలీసు నిలబడి ఉన్నాడు. అతన్ని చూడగానే బ్రేకు తొక్కాను. పెట్టె జారి, తువ్వాలు పక్కకు పోయి, మూత తెరుచుకుంది. దుప్పి మళ్ళీ నన్నే చూస్తోంది. కంగారులో పక్కకు తిరుగుతున్నానని సైగ ఇవ్వబోయి వైపరు ఆన్ చేశాను. (అక్కడి కార్లలో అన్నీ మనకు తిరగేసి ఉంటాయి. మామూలప్పుడు అలవాటైనట్టే ఉండేది, భయమేస్తే చేతులు రాయచోటికి పోయేవి.) మండే ఎండలో పొడి అద్దం మీద వైపర్లు కీచు కీచుమంటూ ఊగుతుంటే పోలీసు నా కిటికీ దగ్గరకు నడిచొచ్చాడు. నేను కాలితో పెట్టె మూత నొక్కి పట్టి, ముఖం పైకెత్తి, చెమట కారిపోతూ నవ్వాను. అతను ఆకాశం వైపు వేలు చూపించి, "వేన్ మతర్?" అన్నాడు. వాన ఎక్కడయ్యా అని. "మతర్ మాఫీ సార్, మాఫీ" అన్నాను, వాన లేదు సార్ అని. "యల్లా రోహ్" అని చెయ్యి ఊపి పంపేశాడు. నేను ఆ వైపర్లు ఆపకుండానే సైటు దాకా తోలుకుంటూ పోయాను, ఆపడానికి చెయ్యి ఎత్తితే కత్తి పుచ్చుకుంటాననుకుంటాడేమోనని.

జగిత్యాల అన్న పెట్టె తెరిచి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "గిదేందిరా తమ్మీ, గింత పెద్ద కత్తి! ఎవల్ని నరుకుతందుకు తెచ్చినవ్‌రా?"

"ఎవర్నీ కాదన్నా, బాబాది. ఈ పొద్దు శనివారం గదా, ఇనుము ఇంటికి తీసకపోకూడదు. రేపు పొద్దున్నే వచ్చి తీసకపోతా. ఈ ఒక్క పూట నీ దగ్గర పెట్టుకో అన్నా, నీ కాళ్ళు మొక్కుతా."

"శనివారమా? అరే, దినాం ఇనుప సలాకలే మోస్తం గదరా మేము, మాకు లేని శనివారం నీకెక్కడిది?" అని నవ్వి, నా ముఖం చూసి నవ్వు ఆపేశాడు. "సరే తీ, పరేషాన్ కాకు. పెట్టి పో. రేపు మాత్రం మర్సిపోకు." స్టోరు రూములో సిమెంటు బస్తాల వెనక పెట్టెను పెట్టాం. నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఇంటికి వచ్చేసరికి బాబా గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ గేటు దాకా వచ్చే మనిషి కాదు. "వేన్ సందూక్?" అన్నాడు, చేతులు చాచి. నేను దారంతా వల్లె వేసుకున్న మాట అప్పజెప్పాను. "మాఫీ బాబా. బుక్రా." ఆయన చేతులు కిందకి దిగిపోయాయి. ముఖం చిన్నబోయింది. లోపలికి పోయాడు. నాకు జాలి కూడా వేసింది, రేపు ఇచ్చేస్తా కదా అనుకున్నాను. మధ్యాహ్నం మూడింటి దాకా ఓర్చుకొని, వంటింటి గుమ్మంలో కూర్చుని గోదారక్కకు మాత్రం నిజం చెప్పాను. చెప్పకపోతే పొట్ట పగిలేట్టుంది. ఆమె గరిటె నా మీదికెత్తింది.

"నీ మొహం మండా! ఇంకాసేపట్లో, సాయంత్రం అస్ర్ నమాజు కాగానే ఆయన స్నేహితులు ముగ్గురొస్తున్నారు, తెలుసా నీకు? ఆ కత్తి చూడ్డానికేనయ్యా వస్తున్నది! రెండేళ్ళ నుంచి ఎదురు చూస్తున్నాడంట దానికోసం. పొద్దున్నించీ ముప్పై మందికి సరిపడా వండిస్తున్నాడు నాచేత."

"నాకేం తెల్సు అక్కా? శనివారం ఇనుము..."

"ఇనుమంట ఇనుము! మరి నువ్వు పొద్దున లోపలికి తెచ్చిన కారేంటయ్యా, బెల్లంతో చేశారా?"

"కారు ముందు నుంచీ ఇంట్లోదే గదక్కా. కొత్తగా తెచ్చింది కాదు" అన్నాను. ఈ వాదన నాకు ఇప్పటికీ సబబుగానే తోస్తుంది. ఆమె నుదురు కొట్టుకొని, "ముందు వెళ్ళి తెచ్చెయ్యి, పరిగెత్తు" అంటుండగానే మజ్లిస్‌లో బాబా ఫోనులో మాట్లాడుతున్న గొంతు వినపడింది. మొదట మామూలుగా, తర్వాత మెల్లగా, ఆ తర్వాత ఏమీ వినపడలేదు. కార్గో ఆఫీసుకు చేశాడు. మీ డ్రైవరు పది గంటలకే పట్టుకుపోయాడని వాళ్ళు చెప్పి ఉంటారు. తలుపు తెరుచుకుంది. బాబా వంటింటి దాకా వచ్చాడు. అరిచి ఉంటే బాగుండేది. ఆయన చాలా నెమ్మదిగా "వేన్ సిక్కీన్?" అన్నాడు. కత్తి ఎక్కడ అని. దొంగ అనుకుంటున్నాడు నన్ను. ట్రయలు, బతాకా, విమానం అన్నీ చిన్నవైపోయాయి. ఇప్పుడు పోలీసు స్టేషను. రాయచోటిలో మా నాయనకు ఎవరు చెప్తారు, ఏమని చెప్తారు, అదొక్కటే బుర్రలో తిరుగుతోంది. "బాబా, తాల్, తాల్" అని, రండి రండి అని కారు వైపు చెయ్యి చూపించాను. సరిగ్గా అప్పుడే ఆయన స్నేహితుల కారు గేటు ముందు ఆగింది. ముగ్గురూ పాదాల దాకా జారే తెల్లటి తోబ్‌లు వేసుకొని, అత్తరు ఘుమఘుమలతో దిగారు. వాళ్ళతో బాబా ఏదో రెండు మాటలన్నాడు. నలుగురూ నా కారెక్కారు. పొద్దున వచ్చిన నాలుగు వీధులూ వెనక్కి తోలాను.

సైటు దగ్గర నన్నూ, నా వెనక నలుగురు షేకులనూ చూసి జగిత్యాల అన్న ముఖం తెల్లబోయింది. స్టోరు రూములోకి పరిగెత్తి సిమెంటు బస్తాల వెనక చూశాను. పెట్టె లేదు. "అన్నా, కత్తేదన్నా?" అంటే నా గొంతు నాకే ఆడపిల్ల గొంతులా వినపడింది. "అరే, నువ్వు పోయినంక సూపర్వైజర్ వచ్చిండురా. స్టోర్ల దొంగసాటుగ వండుకునే స్టవ్వులు గిట్ల దాసిండ్రేమో అని అంత ఎతుకవట్టిండు. గా కత్తి దొర్కితే అందర్ని జైల్ల ఏస్తరని, పట్కపోయి గా ఇసుక కుప్పల బొంద వెట్టిన. ఆనవాలుకు ఇటుక పెడ్తి" అన్నాడు. బయటికొచ్చి చూస్తే, పొద్దున ఉన్న మూడు ఇసుక కుప్పలు ఇప్పుడు ఒక్కటే పెద్ద కుప్ప. మధ్యాహ్నం లోడరు వచ్చి ఎగదోసి పోయిందట. ఇటుక లేదు, ఆనవాలు లేదు. పక్కన కాంక్రీటు మిక్సరు గిరగిరా తిరుగుతోంది. ఆ మిక్సరు వైపు నేను చూశాను, అన్న చూశాడు, బాబా కూడా చూశాడు. ఏ భాషా అక్కర్లేకుండానే ఆయనకు సంగతి అర్థమైపోయింది.

పారలు తీసుకొని, అక్కడి కూలీలతో కలిపి ఎనిమిది మందిమి కుప్ప మీద పడ్డాం. మొదటి పార ఇసుకలో దిగగానే బాబా "లా! లా! షువై షువై!" అని కేక పెట్టాడు. మెల్లగా, మెల్లగా అని. పార అంచు తగిలితే గీత పడుతుందని ఆయన భయం. పారలు పక్కన పడేసి చేతులతో తోడసాగాం. నేను ఏడుస్తూ తోడుతున్నాను, ముక్కు కూడా తుడుచుకోవడం లేదు. కాసేపటికి నా పక్కన ఇంకో జత చేతులు కనపడ్డాయి. వేళ్ళకు ఉంగరాలు. తలెత్తి చూస్తే బాబా! తలగుడ్డ తీసి స్నేహితుడి చేతికిచ్చి, తెల్లటి తోబ్ మోకాళ్ళ దాకా ఎత్తి కట్టి, ఇసుకలో కూలబడి తోడుతున్నాడు. ఆయన వేళ్ళు వణుకుతున్నాయి. అంత పెద్ద మనిషికి కూడా భయమేస్తుందని మూడు నెలల్లో మొదటిసారి చూశాను. అది చూసి నా ఏడుపు ఇంకా ఎక్కువైంది. చివరికి ఆయన వేళ్ళకే చెక్క తగిలింది. పెట్టెను బిడ్డను ఎత్తినట్టు రెండు చేతులా ఎత్తి, ఇసుక ఊది, మూత తీశాడు. మఖమలు గుడ్డ మీద గుప్పెడు ఇసుక చేరింది గానీ, కత్తికి ఒక్క గీత లేదు. ఆయన కళ్ళు మూసుకొని అల్లాను తలచుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి నన్ను చూశాడు.

"లేష్?" అన్నాడు. ఎందుకు చేశావు?

ఆ ఒక్క మాటకు జవాబు చెప్పే అరబ్బీ నా దగ్గర లేదు. జగిత్యాల అన్నకు ఉర్దూ బాగా వచ్చు, బాబాకూ కాస్త వచ్చు. నేను తెలుగులో ఏడుస్తూ చెప్తుంటే, అన్న ఉర్దూలో చెప్పాడు. శనివారం, ఇనుము, మా అవ్వ, చిన్నాయన, పార, కాలు, కబాబుల పొయ్యి, గేటు స్తంభం, అన్నీ. స్నేహితులు ముగ్గురూ పొట్టలు పట్టుకొని నవ్వారు. ఒకాయన ఇసుకలోనే చతికిలబడ్డాడు. బాబా నవ్వలేదు. "ఇనుము తెస్తే కీడు ఎవరికి, ఇంటికా, తెచ్చినవాడికా?" అని అడిగాడట. "ఇద్దరికీ" అన్నాను. "నువ్వు ఎవరి కోసం భయపడ్డావు?" అని మళ్ళీ అడిగాడు. ఆ ప్రశ్న అన్న నాకు తెలుగులో చెప్పి, "మంచిగ చెప్పురా, బాబా ఇంటి కోసమని చెప్పు" అని గొణిగాడు. అప్పటికే ఆ రోజుకు చాలినన్ని అబద్ధాలు ఆడాను. "ముందు నా కోసమే బాబా. నన్ను వెనక్కి పంపిస్తారేమోనని" అన్నాను. అన్న నిట్టూర్చి ఉన్నదున్నట్టు చెప్పాడు. బాబా గడ్డంలో ఇసుక దులుపుకున్నాడు.

అప్పుడు వేలు చూపించి గట్టిగానే కేకలేశాడు. భయమేస్తే నాకు చెప్పు, బుక్రా అని మాత్రం అబద్ధం చెప్పకు, చద్దాబ్, అంటే అబద్ధాలకోరు, నా ఇంట్లో ఉండడు అన్నాడు. వారాలన్నీ అల్లావే అన్నాడు. కత్తిపెట్టెను తెచ్చి నా రెండు చేతుల్లో పెట్టి, నువ్వే లోపలికి తేవాలి, ఈ శనివారమే తేవాలి అన్నాడు. తెచ్చాను. మజ్లిస్ గడప ముందు నా కాళ్ళు ఒక్క క్షణం ఆగాయి, వెనకనుంచి నలుగురి ఊపిరి వినపడింది, కళ్ళు మూసుకొని దాటేశాను. పైకప్పు కూలలేదు. ఆ తర్వాత శిక్ష చెప్పాడు. ఆ ఊరి ఉప్పుగాలికి కత్తులు తుప్పు పట్టకుండా వారానికొకసారి ఒక్కోదాన్నీ తీసి, మెత్తటి గుడ్డతో తుడిచి, పలచగా నూనె రాయాలి. ఇన్నాళ్ళూ ఆ పని ఆయనే చేసుకునేవాడు. ఇక మీదట ప్రతి శనివారం నేను చేయాలి. ఇనుమూ నూనే కలిపి! ఆయన ముఖంలో అప్పుడు, గడ్డం వెనక ఎక్కడో, నవ్వు కనపడింది.

సాయంత్రం వంటింట్లో గోదారక్క ముందు కూర్చుని వేళ్ళు లెక్కపెట్టుకుంటూ అడిగాను. "ప్రతి శనివారం అన్నాడంటే, నన్ను పంపీడనే గదక్కా అర్థం?"

"పంపడమేంటయ్యా? నీ కాగితాలు మొన్న బుధవారమే ఆఫీసుకి వెళ్ళిపోయాయి. మేడమ్ నాకు చెప్పింది. నీకు బాబా చెప్పలేదా?"

"చెప్పలా! నువ్వు కూడా చెప్పలా!"

"నువ్వు అడగలేదుగా" అంది ఆమె, పులావు గిన్నె నా ముందుకు జరుపుతూ. ఆమెకు నవ్వు ఆగడం లేదు. నాకేమో మళ్ళీ ఏడుపొచ్చింది. బుధవారం నుంచి శనివారం దాకా ఆ ఇంట్లో నాకు ఏ ప్రమాదమూ లేదు. ఉన్నదల్లా నేను కష్టపడి చంకలో పెట్టుకొని, పోలీసు ముందు నుంచి మోసుకొచ్చి, ఇసుకలో పాతించినదే.

తొమ్మిదేళ్ళు పనిచేశాను బాబా దగ్గర. వందల శనివారాలు ఆ కత్తులకు నూనె రాశాను. ఏ దుప్పి ఏ కత్తి మీద ఎటు చూస్తుందో కళ్ళు మూసుకొని చెప్పగలిగేవాణ్ణి. వచ్చిన అతిథులకు బాబా ఆ కథ చెప్పించి చెప్పించి నాకు అరబ్బీ బాగా వచ్చేసింది. ఇప్పుడు తల నెరిశాక ఎప్పుడైనా గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను. ఇంట్లోవాళ్ళు ఏమైందని అడుగుతారు. ఆ ఎండలో కారు పక్కన పెట్టె చంకలో పెట్టుకొని నిలబడిన ఆ పిల్లవాడిని చూస్తే నవ్వుకంటే ముందు జాలేస్తుంది. వాడు ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది, బాబా, నన్ను ఉంచుకుంటారా అని. ఆ మాటకు అరబ్బీ వాడికి రెండో నెలలోనే వచ్చు. రోజూ పొద్దున్నే కారు తుడుస్తూ, అద్దంలో తన ముఖం చూసుకుంటూ, తప్పు లేకుండా అడిగేవాడు కూడా.